ముడి ఊడని సంచులు

మా బావ భాస్కరం మహా శుభ్రమైన మనిషని నందిపర్రులో సగం మందికి తెలుసు. మిగతా సగానికి ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఊళ్లోనే సబ్ పోస్టుమాస్టరుగా పనిచేసి, ఆ ఊళ్లోనే కాలువ గట్టు మీద ఇల్లు కట్టుకుని, ఆ ఊళ్లోనే రిటైరయ్యాడు. నేను ఆయన భార్య సీతారామలక్ష్మికి తమ్ముణ్ణి, అనంతకృష్ణని. అదే కాలువకి చిట్టచివర, నరసాపురం దాటాక ఉప్పుగాలి తగిలే మొగలిపాలెంలో ఎలిమెంటరీ స్కూలు పంతులుగా చేశాను. కాలువ మీద బావ పైన, నేను కింద. మనుషుల్లో కూడా మా ఇద్దరి స్థానాలూ అవేనని ఆయన నమ్మకం.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మా బావ నిక్షేపంలా ఉన్నాడు కాబట్టి నాకా ఇబ్బంది లేదు.

మా ఇంటికొస్తే జేబులోంచి గుడ్డ తీసి కుర్చీ తుడవందే కూర్చోడు. తుడిచాక ఆ గుడ్డ మైలపడిపోయిందని మళ్లీ జేబులో పెట్టుకోడు. రెండు వేళ్లతో దాన్ని దూరంగా పట్టుకుని, ఎవరైనా వచ్చి అందుకుంటారేమోనని చూస్తూ కూర్చుంటాడు. అందుకునేది ఎప్పుడూ మా అక్కయ్యే. పెళ్లయిన కొత్తలో పుట్టింటికొచ్చినప్పుడు అమ్మతో అంది, "ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మురికమ్మా, మిగతావన్నీ కడిగేశారు." అమ్మ నవ్వేసింది. నాకు మాత్రం అప్పుడూ నవ్వు రాలేదు, ఇప్పుడూ రాదు.

ఒక్క విషయంలో ఆయనకి వంక పెట్టలేం. టపా సంచి కట్టడం. సాయంత్రం బస్సుకి వెళ్లాల్సిన సంచి మూతిని మెలిపెట్టి, పురికొస బిగించి చుట్టి, ఆఖరి చుట్టు కిందనుంచి కొస పైకి లాగి ఒక్క గుంజు గుంజేవాడు. ఆ ముడి చేత్తో ఊడదు, కత్తితో కోయాల్సిందే. దాని మీద లక్క కరిగించి సీలు వేసి, పూర్ణకుంభం మోస్తున్నవాడిలా బస్సు దాకా తనే మోసుకెళ్లేవాడు. "నా సర్వీసులో నా సంచి దారిలో విడిపోయిందన్న మాట లేదురా అనంతూ. శుభ్రంగా కట్టిన సంచి ఎక్కడికి చేరాలో అక్కడికి చేరి తీరుతుంది" అని నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటాడు. వందసార్లూ తల ఊపాను. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది.

వాళ్లమ్మ మాణిక్యాంబగారు బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో చెత్త అనే మాటే లేదు. కూరగాయల తొక్కలూ బియ్యం కడిగిన నీళ్లూ కుడితిలో పడి గేదె పొట్టలోకి పోయేవి. పొయ్యిలో బూడిద అంట్లు తోమడానికి పోయేది. కాగితమ్ముక్క, కొబ్బరి పీచు, ఎండుమట్ట అన్నీ నీళ్లకాగు కింద మంటకి పోయేవి. మిగిలిందేదైనా ఉంటే పెరట్లో పెంటగోతిలో పడి, ఏడాది తిరిగేసరికి కొబ్బరిచెట్ల మొదట్లోకి వెళ్లేది. చదువురాని ఆవిడకి దీనికి పేరు పెట్టాలని తోచలేదు. పేరు పెట్టి, దాని మీద ఉపన్యాసాలిచ్చే రోజులు తర్వాతొచ్చాయి. ఉపన్యాసాలిచ్చినవాళ్లలో మా బావ కూడా ఉన్నాడు.

ఆవిడ పోయి సంవత్సరీకాలు పెట్టీ పెట్టగానే బావ ఆ గోతిని పూడ్పించాడు. ఈగలొస్తున్నాయట. గేదెని అమ్మేశాడు, పేడ వాసనట. తర్వాత పెరడంతా సిమెంటు గచ్చు చేయించాడు, మట్టి కనిపిస్తే ఆయనకి మురికి కనిపించినట్టే. గచ్చు చెట్ల మొదళ్ల దాకా వచ్చి గొంతు పట్టుకుంది. ఒక కొబ్బరిచెట్టు మొవ్వు ఎండి చచ్చింది. రెండోది చావలేదు కానీ మట్టలు రాలుస్తోందని దాన్ని ఈయనే కొట్టించేశాడు. ఆ నున్నటి గచ్చు మీద పొద్దున్నే బకెట్ల కొద్దీ నీళ్లు గుమ్మరించి, చేతులు నడుముకి ఆనించుకుని నిలబడి, "చూడరా, అన్నం వడ్డించుకుని తినొచ్చు" అనేవాడు. తినమనండి, ఎవరొద్దన్నారు?

అయితే గేదె పోయినా, గొయ్యి పోయినా, వంటింట్లో తొక్కలు పుట్టడం మానలేదు. పైగా పాలు పాకెట్లలో రావడం మొదలైంది, షాంపూ చిన్నచిన్న పొట్లాల్లో రావడం మొదలైంది. ఇవన్నీ ఎక్కడికి పోవాలి? పెరటి తలుపు తీస్తే మెట్లు, మెట్ల కింద కాలువ. బావ ఇంజనీరింగు అంతే.

మొదట్లో అక్కయ్య చేత బుట్టతో కుమ్మరించేవాడు. కానీ బుట్టతో పోసిన చెత్త విడివిడిగా తేలి, మెట్ల దగ్గరే గుర్రపుడెక్కలో చిక్కుకుని, ఆయన వంకే చూస్తూ ఉండేది. అది ఆయనకి నచ్చలేదు. ఇంతలో ఊళ్లోకి ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. ప్రమోషనొచ్చిన నాడు కూడా ఆయన మొహం అంత వెలగలేదని అక్కయ్య చెప్పింది. ఒక కవరులో చెత్త నింపి, దాన్ని ఇంకో కవరులో దోపి, మూతి మెలిపెట్టి, పురికొస చుట్టి, అదే టపా ముడి వేసేవాడు. లక్క సీలు ఒక్కటే తక్కువ. స్నానం చేసి, జంధ్యం సవరించుకుని, ఆ సంచితో మెట్లు దిగి నీళ్లలో మెల్లగా వదిలేవాడు. విసిరేవాడు కాదు. విసరడం మురికివాళ్ల పని. గాలి నిండిన సంచి బాతులా తేలుకుంటూ, గుర్రపుడెక్క పక్కనుంచి తప్పుకుని, వంపు తిరిగి కనబడకుండా పోయేది. అది కనబడకుండా పోయేదాకా నిలబడి చూసి, చేతులు దులుపుకుని లోపలికొచ్చేవాడు.

నేనొకసారి అక్కడే ఉన్నాను. ఉండబట్టలేక అడిగాను.

"ఎక్కడికి పోతాయి బావా ఇవి?"

"కిందకి."

"కింద మేమున్నాం కదండీ."

"మీ తర్వాత సముద్రం ఉందిరా" అని నవ్వాడు. "పారే నీటికి అంటు లేదని పెద్దలు ఊరికే అన్నారా?"

పెద్దలు ఆ మాటన్న రోజుల్లో కాలువలో అరటాకు పడేది, పూజ చేసిన పూలు పడేవి. పెద్దలకి పాలపాకెట్లు తెలియవు. ఆ మాటే నేనంటే, "నీతో వాదనేంట్రా, బురదలో ఉండేవాడివి" అని గచ్చు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. తన ఇంట్లో పాముని పక్కింట్లోకి తోలేసి, మా ఇంట్లో పాముల్లేవని చాటింపు వేసుకునే రకం ఇది. మన తెలుగువాళ్లలో సగం శుభ్రం ఇలాంటిదే. ఇల్లు కడిగిన నీళ్లు వీధిలోకి, వీధి ఊడ్చిన చెత్త కాలువలోకి. మధ్యలో గుమ్మానికి మాత్రం పసుపు.

ఆ రోజుల్లోనే ఊరూరా పచ్చదనం, పరిశుభ్రత అని ర్యాలీలు మొదలయ్యాయి. మండలం నుంచి వచ్చినవాళ్లు నందిపర్రంతా తిరిగి, ఆదర్శగృహం అని మా బావ ఇంటిని ఎంచి, ఒక షీల్డు ఇచ్చారు. వాళ్లు వీధి తలుపులోంచి వచ్చారు, గచ్చు చూశారు, కాఫీ తాగారు, వీధి తలుపులోంచే వెళ్లారు. పెరటి తలుపు తీయమని ఒక్కడైనా అడగలేదు. హైస్కూల్లో సభ పెట్టి బావ చేత మాట్లాడించారు. పర్యావరణం మన బాధ్యత అన్నాడట. షీల్డు హాల్లో గోడకి వేలాడుతుంది, రోజూ తుడుస్తాడు.

ఇలాంటి ఇంట్లోంచి మా ఇంటికి కోడలొచ్చింది. బావ కూతురు ఉమాశ్రీని మా అబ్బాయి ఫణికి చేసుకున్నాం, మేనరికం. పిల్ల బంగారం. తండ్రిని మీరు అంటుంది, నన్ను నువ్వంటుంది, దాన్నిబట్టే ఎవరంటే భయమో ఎవరంటే చనువో తెలిసిపోతుంది. బావకి ఈ సంబంధం గొంతులో ముల్లు. బురదూళ్లో కూతురు ఎలా బతుకుతుందని ఆయన బెంగ. అరిసెలూ లడ్డూల పక్కన ఫినాయిలు సీసాలు పెట్టి సారె పంపినవాడు ఆంధ్రదేశంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. మావాడికి సామర్లకోటలో ఉద్యోగం, నెలకోసారి వస్తాడు. అక్కడ ఇల్లు కుదిరేదాకా ఉమ మా దగ్గరే ఉంది. నా భార్య పోయాక అన్నేళ్లకి ఇంట్లో గాజుల చప్పుడు విని నేను పొంగిపోయాను.

రెండువేల నాలుగు మాఘంలో ఉమకి ఆడపిల్ల పుట్టింది. తొలికాన్పు కాబట్టి పురుడు నందిపర్రులోనే. పురిటిమైల అనగానే బావకి పూనకం వచ్చినంత పనైంది. తల్లినీ పిల్లనీ వెనకగదిలో పెట్టించాడు. అక్కయ్య పాత నూలుచీరలు చింపి పొత్తిగుడ్డలు సిద్ధం చేస్తే, "షీల్డొచ్చిన ఇంట్లో దండెం మీద ఉచ్చగుడ్డలు ఆరేస్తావటే?" అని ఎగిరాడు. రాజమండ్రి మందుల షాపు నుంచి డైపర్లు తెప్పించాడు, వాడి పారేసేవి. మా వైపు ఏ ఇంట్లోనూ అప్పటికి వాటి మొహం చూసినవాళ్లు లేరు. ఉతకక్కర్లేదు, ఆరేయక్కర్లేదు, కంటికి కనబడక్కర్లేదు. ఆయన కోసమే ఎవరో కూర్చుని కనిపెట్టినట్టున్నాయి.

ఇక్కడ మా కాలువ సంగతి ఒకటి చెప్పాలి. రెండో పంట, దాళ్వా చేలు కోతకొచ్చాక, ఏప్రిల్ ఆఖర్లో కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో గానీ నీళ్లు వదలరు. కట్టేసే ముందు ప్రతి ఊరికీ వంతు ఇస్తారు, ఆ వంతులో ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. ఆ చెరువే వేసవంతా తాగడానికి, వండుకోవడానికి. శివారు కాబట్టి మాకు వంతు అందరికంటే ఆఖరున వస్తుంది. మా ఊళ్లో బావి తవ్వితే ఉప్పు, బోరు వేస్తే ఇంకా ఉప్పు. చెరువు నిండిందా, పిల్లా జెల్లా బతుకుతాం. నిండలేదా, అంతే సంగతులు. ఆ ఏడు ఊరి సంగతి ఎలా ఉన్నా, నా బెంగ వేరు. మూడోనెల రాగానే మనవరాల్ని తీసుకుని ఉమ వస్తుంది. ఉమకి పాలు చాలక పిల్లకి డబ్బాపాలు పడుతున్నారు, వాటిలో కలపడానికి మంచినీళ్లు కావాలి. నీళ్లుంటే పిల్ల నా ఇంట్లో ఉంటుంది, లేకపోతే వేసవంతా ఆ గచ్చు మీదే.

మా వంతు వచ్చింది. కాలువ నిండా నీళ్లు. కాలువనుంచి రోడ్డు కింద తూము ద్వారా చెరువులోకి నీళ్లు రావాలి. వస్తున్నాయి కానీ, ముసలివాడు మూలిగినట్టు వస్తున్నాయి. పై ఊళ్ల రైతులు ఇంజన్లు పెట్టి తోడేస్తున్నారని మావాళ్లు ఒకటే గోల. కాలువ నిండుగా కళ్లముందు పారుతుంటే తోడేయడం ఏమిట్రా అని ఒక్కడికి తోచాలి కదా! తోచలేదు. నాకూ తోచలేదు, పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి. కర్రలు పట్టుకుని పై ఊరికి వెళ్లి కేకలేసి వచ్చారు. లారీ కట్టుకుని ఇరిగేషనాఫీసుకి వెళ్లి బైఠాయించారు. ఈ వీరత్వమంతా ముగిసి తిరిగొచ్చేసరికి వంతు అయిపోయింది, పైన లాకులు దించేశారు. చెరువు సగానికి కూడా రాలేదు.

కాలువ ఎండాక పెదబాబు తూములోకి దిగాడు. యాభై దాటిన రైతు, ఊళ్లో ఎవరికీ పట్టనిది అతనికి పడుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, మేమంతా గట్టు మీద నిలబడి సలహాలు ఇస్తున్నాం. తూముకి చెరువు వైపు చివర, గుర్రపుడెక్క రాకుండా ఎప్పుడో బిగించిన ఇనుపజల్లెడ ఉంది. దానికి అవతల్నుంచి అతుక్కుని, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, తూమంతా కవరు సంచులు. పెదబాబు ఒక్కొక్కటీ తీసి గట్టు మీదకి విసురుతున్నాడు.

"ఏంటండీ పంతులుగారూ, ఇవేవో బజార్లో కట్టించి పంపినట్టున్నాయి" అన్నాడు పెదబాబు. "మామూలు చెత్తయితే దారిలోనే చిరిగిపోయి గట్టుకి పట్టేసేదండి. ఇవి ఒక్కటీ ఊడలేదు చూడండి!"

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మెలిపెట్టిన మూతి, బిగించి చుట్టిన పురికొస, కిందనుంచి పైకి లాగిన కొస. కళ్లు మూసుకుని తడిమినా గుర్తుపడతాను. నాకు ఒళ్లు మండిపోయింది. శుభ్రంగా కట్టిన సంచి చేరాల్సిన చోటికి చేరిందన్నమాట! లోకంలో మురికివాళ్లు పారేసిన చెత్త దారిలో ఎక్కడో ఆగిపోతుంది, కుళ్లిపోతుంది, మట్టిలో కలుస్తుంది. మా ఊరి గొంతులో అడ్డం పడడానికి ఒక శుభ్రమైన మనిషి కావాల్సొచ్చింది.

రెండు మూడు కోసి చూశాం. పాలపాకెట్లు, మాత్రల రేకులు, దోమలబత్తీల బూడిద. మిగతావి ఊరవతల తగలబెట్టారు. ఎవరివో నేను చెప్పలేదు, చెబితే కర్రలు ఈసారి నందిపర్రు దాకా వెళ్లేవి. ఒక్క సంచిని మాత్రం విప్పకుండా తెచ్చి పశువుల కొట్టంలో వాసానికి వేలాడదీశాను. బావ వస్తాడు కదా, ఆయన సొత్తు ఆయనకి చూపించాలని.

వైశాఖంలో ఉమ పిల్లని తీసుకుని వచ్చింది. ముందే రావద్దని కబురు పెట్టాను. "నా ఇల్లు కాదా మామయ్యా అది? అందరూ తాగే నీళ్లే మేమూ తాగుతాం" అని వచ్చేసింది. అప్పటికే సగం చెరువు ఎండకి మరిగి పచ్చబడింది. ఇండుపగింజ అరగదీసి కలిపితే పైన తేరుకునేవి, వాసన మాత్రం పోయేది కాదు. కాచి, వడబోసి, మళ్లీ కాచి పిల్లకి పాలు కలిపేది ఉమ. అయినా పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. నరసాపురం ఆసుపత్రిలో అంతంత చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తుంటే నేను వరండాలోకి వచ్చి గోడకేసి నిలబడ్డాను. ఎప్పుడూ ఎవరినీ చావమని కోరుకోని నేను ఆ పూట మా బావని తలుచుకుని అనరాని మాటలన్నీ అన్నాను.

పిల్ల తేరుకుంది. ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్నే బావ బస్సు దిగాడు. చంకలో మినరల్ వాటరు సీసా. జేబులోంచి గుడ్డ తీశాడు, కుర్చీ తుడిచాడు, కూర్చున్నాడు. ఉమ మర్యాదకి నీళ్ల గ్లాసు తెస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా, తెచ్చుకున్నాను. ఏరా అనంతూ, ఈ నీళ్లు పశువులు కూడా తాగవు కదరా! ఏం మనుషుల్రా మీరు? చెరువు శుభ్రంగా ఉంచుకోవడం కూడా తెలియదా మీ ఊరికి? షీల్డు సంగతి దేవుడెరుగు, సిగ్గయినా ఉండక్కర్లా?"

సీసా మూత తిప్పి ఒక గుక్క తాగాడు.

"నేను ముందే అనుకున్నాను. మధ్యాహ్నం బస్సుకి తల్లినీ పిల్లనీ తీసుకుపోతున్నాను. అల్లుడికి సామర్లకోటలో ఇల్లు దొరికేదాకా మా ఇంట్లోనే ఉంటారు. పసిబిడ్డని పెంచే చోటా ఇది?"

ఉమ వంక చూశాను. ఆ పిల్ల తల దించుకుంది. గుమ్మం పక్కన సూట్‌కేసు సర్ది పెట్టి ఉంది. తప్పేముంది? చావు అంచుదాకా వెళ్లొచ్చిన పిల్లని ఏ తల్లయినా నీళ్లున్న చోటికే తీసుకెళుతుంది. నా మనవరాలు వెళ్లిపోతోంది, అదీ ఎవరి పుణ్యాన వెళ్లాల్సొస్తోందో ఆయనింటికే. అది తలుచుకునేసరికి ఇంక ఆగలేకపోయాను. కొట్టంలోకి వెళ్లి, వాసానికున్న సంచి తీసుకొచ్చి ఆయన ముందు స్టూలు మీద పెట్టాను.

బావ ముక్కు మూసుకోబోయి ఆగాడు. ముందుకి వంగాడు. మూతి చూశాడు, ముడి చూశాడు, వేలితో కొస లాగి చూశాడు. మొహం విప్పారింది.

"ఇది నా కట్టేరా!"

"మీదేనండీ."

"ఎక్కడ దొరికింది?"

"మా చెరువు తూములో. ఇలాంటివి తూమంతా ఉన్నాయి. అందుకే చెరువు నిండలేదు."

అప్పుడైనా ఆ మనిషి తల దించుకుంటాడేమో అనుకున్నాను. పిచ్చివాణ్ణి. ఆయన సంచిని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "ఇంత దూరం వచ్చినా ముడి ఊడలేదు చూశావా" అన్నాడు. "లోపలికి తడి కూడా తగిలి ఉండదు. పందెం కాస్తాను."

ఉమ పిల్లని నా చేతికిచ్చి లోపలికెళ్లి కత్తిపీట తెచ్చింది. సంచి పట్టుకుని పురికొస కోసింది. మొదటి కవరు విప్పింది, రెండో కవరు విప్పింది. పందెం బావే గెలిచాడు, లోపల తడి తగల్లేదు. చక్కగా ఉండచుట్టి, వరసగా పేర్చిన డైపర్లు. నెలల నాటి వాసన గుప్పుమంది. ఈ చుట్టుపక్కల అలాంటివి వాడిన పసిబిడ్డ ఒక్కతే. అది నా భుజం మీద నిద్రపోతోంది.

ఉమ ఒకటి బయటికి తీసి విప్పి చూసింది.

"మూసెయ్యవే, మూసెయ్యి" అన్నాడు బావ, గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని. "ఆ కంపేమిటి ఇంట్లో!"

"నాన్నగారూ, ఇవి మన పాపవి."

"అయితే ఏమిటి?"

"మన పాప గుడ్డలే పాప తాగే నీళ్లకి అడ్డం పడ్డాయండీ." "ఈ సగం చెరువు నీళ్లతోనే దానికి పాలు కలిపాను."

బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కాచి పట్టాలని తెలియదా నీకు?" అన్నాడు.

ఆ మాటకి నా చెయ్యి లేచింది, పిల్ల ఎత్తుకుని ఉన్నాను కాబట్టి ఆగింది. ఉమ మాత్రం గుమ్మం పక్క సూట్‌కేసు తీసుకెళ్లి గదిలో పెట్టి వచ్చింది.

"మీరు వెళ్లండి నాన్నగారూ. మేం రావడం లేదు. ఈ సంచి కూడా తీసుకెళ్లండి. మీరు పంపిన టపా అందింది, ఇది తిరుగు టపా."

పుట్టి బుద్ధెరిగాక కూతురు ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. బావ నా వంక చూసి, కోపమంతా నా మీదకి తిప్పాడు. "నువ్వే నూరిపోశావురా" అన్నాడు. ఏమన్నా, సంచి మూతి తెరిచి ఉండడం మాత్రం ఆయన భరించలేకపోయాడు. తిట్టుకుంటూనే కవర్లు సర్ది, మూతి మెలిపెట్టి, తెగిన పురికొసనే చుట్టి, మళ్లీ అదే ముడి వేశాడు. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. చూస్తే అసహ్యం వేసింది.

ఎంత కాదన్నా అక్క మొగుడు. మర్యాదకి బస్టాపు దాకా వెళ్లాను. సంచిని ఆయన వేళ్ల చివర్న పట్టుకుని నడిచాడు. కాలువ వంతెన మీద ఒక్కసారి ఆగి కిందకి చూశాడు. అలవాటు. కానీ కాలువ ఎండిపోయి ఉంది, మట్టి పగుళ్లు తేలి ఉంది. వేస్తే పడిన చోటే ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఆయన మొహంలో అంత దిగులు నేనెప్పుడూ చూడలేదు, చావు తప్పిన మనవరాల్ని చూడ్డానికొచ్చిన ఆ పొద్దున కూడా.

బస్టాపులో సిమెంటు బల్ల తుడుచుకుని కూర్చున్నాడు. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన సీటు తుడుచుకుంటున్నాడు. చూస్తే సంచి బల్ల కింద ఉంది, గోడవారగా, నీటుగా, ముడి పైకి ఉండేట్టు.

"బావా, సంచి!"

"ఉండనియ్యరా" అన్నాడు కిటికీలోంచి. "ఊడ్చేవాళ్లు ఉంటారు కదా, తీస్తారు."

మా ఊరి బస్టాపుని ఊడ్చేవాళ్లెవరో నాకు తెలియదు. బస్సు వెళ్లిపోయింది. అందులో చేతులు దులుపుకుంటున్న మా బావ కూడా వెళ్లిపోయాడు. నాకు ఆయన మీద జాలి కూడా కలగలేదు. నేనూ దాన్ని ముట్టుకోకుండా ఇంటికొచ్చేశాను. ఆయన చెత్త నేనెందుకు మోయాలి?

ఇంటికొచ్చేసరికి ఉమ పెరట్లో నూతి దగ్గర కూర్చుని ఉంది. తన నూలుచీర ఒకటి చింపి, పొత్తిగుడ్డలు చేసి, ఉప్పునీళ్లలో ఉతుకుతోంది. ఆ నీటికి సబ్బు నురగ రాదు, అయినా రుద్దుతోంది. ఉతికిన నీళ్లు అరటిచెట్టు మొదట్లోకి పోతున్నాయి. దండెం మీద అప్పటికే నాలుగైదు గుడ్డలు ఎండకి ఊగుతున్నాయి.

"నాన్నగారు సంచి పట్టుకెళ్లారా మామయ్యా?"

"బల్ల కింద పెట్టి బస్సెక్కేశాడు."

"ముడి వేసే ఉందా?"

"వేసే ఉంది."

ఉమ చేతిలో గుడ్డ గట్టిగా పిండి పక్కన పెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు.

"వెళ్లి తీసుకురా మామయ్యా," అంది. "అది మన పిల్లది."

నేను చెప్పులేసుకుని మళ్లీ బస్టాపుకి బయల్దేరాను.